గోడ అవతలి డ్రమ్ము

బాన్‌బరీ స్టేషన్‌లో రైలు దిగి మెట్లెక్కుతుంటే ముక్కుకి తగిలింది, వేగుతున్న కాఫీ గింజల వాసన. రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి తెరిపిచ్చిన రోజు. అలాంటప్పుడు గాలి ఇటు తిరిగిందంటే ఊరు ఊరంతా అదే వాసన. అక్కడ కాఫీ ఫ్యాక్టరీ ఉంది. చాలా ఏళ్ల కిందట, రెండు సూట్‌కేసులూ ఒక ప్రెషర్ కుక్కరూ మోసుకుంటూ మొదటిసారి ఈ మెట్లే ఎక్కుతూ టక్కున ఆగిపోయాను. రాజమండ్రిలో మా అమ్మమ్మ ఇనప మూకుట్లో గింజలు వేయిస్తే అచ్చం ఇదే వాసన. ఆ ఆశతో వారం రోజులు ఊళ్లో కనపడ్డ చోటల్లా కాఫీ తాగాను. ఆ ఫ్యాక్టరీలో చేసేది వేణ్ణీళ్లలో కలుపుకునే పొడి అనీ, దాని రుచికీ ఈ వాసనకీ చుట్టరికం లేదనీ తర్వాత తెలిసింది.

ఈసారి వెళ్లింది ఒక అట్టపెట్టె కోసం.

2024 మార్చి 29న, గుడ్ ఫ్రైడే నాడు, జెర్రీ కాన్వే పోయాడు. ఇంగ్లండులో ఫోక్ రాక్ అనే, జానపదాన్ని రాక్‌తో కలిపిన పాటలకి డ్రమ్ములు వాయించిన మనిషి. 76 ఏళ్లు. ఆ కబురు చదవగానే నాకు ఫోన్ చెయ్యాలనిపించిన మనిషి అప్పటికే లేడు. అందుకని ఆయన భార్యకి చేశాను. ఏళ్ల తరబడి పలకరించకుండా ఉండి, చేసిన ఒక్క ఫోనూ చావు కబురుతోనా అని జంకుతూనే చేశాను. "నాకూ తెలిసిందిలే. నువ్వు చేస్తావనే అనుకున్నా," అంది ఆవిడ. "నేను ఇల్లు ఖాళీ చేస్తున్నాను. ఆయన రికార్డులు నీకే. తొందరగా వచ్చి పట్టుకెళ్లు. లేకపోతే ఏ చారిటీ షాపుకో ఇచ్చేస్తాను."

*

నేను బాన్‌బరీ చేరిన ఏడాదే అక్కడి పశువుల సంత మూతపడింది. 1998. యూరప్‌లోకెల్లా పెద్ద సంతని ఒకప్పుడు దానికి పేరు. స్టేషన్ పక్కనే, ఎకరాల కొద్దీ ఇనప కటకటాలు. నేను చూసేసరికి అవన్నీ ఖాళీ. గడ్డిపోచలు గాలికి ఎగురుతుండేవి.

నాకు దొరికిన అద్దె ఇల్లు టెరస్ ఇళ్ల వరసలో మధ్యది. మన అగ్రహారం ఇళ్లలాగే, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆసుపత్రిలో నాకు ఎక్కువగా రాత్రి డ్యూటీలు పడేవి. పొద్దున్న తొమ్మిదింటికి వచ్చి, పెరుగన్నం తిని, కర్టెన్లు లాగేసి పడుకునేవాణ్ని. పది కాగానే గోడ అవతల మొదలయ్యేది.

పాట వినపడేది కాదు. ఇటుక గోడ దాటి పాట రాదు. గిటారూ రాదు. దాటి వచ్చేవి రెండే: బేస్ గిటారు గురగురా, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము చప్పుడూ. దుం... దుం దుం... దుం. మంచం తల వైపు ఆ గోడకే ఉండేది. కళ్లు మూసుకుంటే పుర్రెలోనే వాయిస్తున్నట్టుండేది.

వేరే ఎవరైనా అయితే తిట్టుకుని దూది పెట్టుకునేవాళ్లు. చిన్నప్పుడు ఆరేళ్లు మృదంగం నేర్చుకున్న దురదృష్టం వల్ల నేను లెక్కపెట్టడం మొదలెట్టాను. ఒకసారి లెక్క మొదలైతే ఇక నిద్రేం పడుతుంది? రెండు మూడు రోజులు చూసేసరికి ఒక సంగతి పట్టుకున్నాను. రికార్డులు మారుతున్నాయి, పాటలు మారుతున్నాయి, కానీ కొన్నిటిలో ఆ కాలు ఒకే మనిషిది. తొందర లేదు. పెద్దవాళ్లు కాలవ గట్టున నడిచినట్టు ఉంటుంది. ముందు ఎవడు పరిగెడుతున్నా, వెనక ఎవడు ఆగిపోయినా ఈయన నడక ఈయనదే. మధ్యలో హఠాత్తుగా మానేస్తాడు. ఇక్కడ పడాలే అని నేను గోడమీద వేలితో కొడతాను. అక్కడ పడదు. పైన పాడుతున్నదెవరో, ఆ గొంతు ఏం చేస్తోందో నాకు తెలీదు కదా. కొట్టని చోటు ఒక్కటే వినపడుతుంటే మనిషికి పిచ్చెక్కుతుంది.

నాలుగో రోజు లుంగీ మీద కోటు తొడుక్కుని వెళ్లి తలుపు కొట్టాను.

తీసినాయన అరవై దాటిన మనిషి, ఎర్రటి మొహం, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. "చప్పుడు ఎక్కువైందా డాక్టర్?" అన్నాడు. నేను డాక్టర్నని వీధిలో అందరికీ అప్పటికే తెలుసు. "క్షమించు. పనిలేని మనిషిని. సంత మూసేశారుగా."

దెబ్బలాడదామనే వెళ్లాను. తీరా నోరు తెరిస్తే, "అది కాదండీ. డ్రమ్ము వాయిస్తున్నది ఎవరు?" అన్నాను.

ఆయన నన్ను పైనించి కింది దాకా చూశాడు. లుంగీ దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత, "టీ పెడుతున్నా, లోపలికి రా," అన్నాడు.

*

ఆ రోజు ఆయన తిప్పిన రికార్డు పేరు ఫాదరింగే. స్కాట్లండు రాణి మేరీని 1587లో తల నరికిన కోట పేరది. 1969 చివర్లో గాయని శాండీ డెనీ, ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఫోక్ రాక్ బృందాన్ని వదిలేసి సొంతంగా పెట్టుకున్న బృందానికి ఆ పేరు పెట్టింది. ట్రెవర్ లూకస్, జెర్రీ డొనాహ్యూ, పాట్ డొనాల్డ్‌సన్, డ్రమ్ముల మీద జెర్రీ కాన్వే. నార్ఫక్‌లో కింగ్స్ లిన్ అనే రేవు పట్నంలో 1947లో పుట్టినవాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు. అంతకు ముందే బ్లూస్ సంగీతకారుడు అలెక్సిస్ కోర్నర్ దగ్గర వాయించి, లూకస్‌తో కలిసి ఎక్లెక్షన్ అనే బృందంలో ఒక ఆల్బం చేసి వచ్చాడు.

పెద్దాయన చివరి పాట పెట్టాడు. ఈజిప్టు యుద్ధానికి ఓడెక్కబోతున్న సిపాయి, నన్నూ తీసుకుపొమ్మని బతిమాలే పిల్ల. జానపదులు ఎన్నో తరాలుగా పాడుకుంటున్న పాట. ఎనిమిది నిమిషాలు. గోడ ఇవతల నాలుగు రోజులు విన్నది ఇదేనని పోల్చుకోవడానికి నాకు ఒక చరణం పట్టింది. ఎందుకు కొట్టడం మానేశాడో అప్పుడు తెలిసింది. ఆ పిల్ల మాట పూర్తి కానిచ్చాడు. అంతే. శాండీ డెనీ వాక్యం చివర ఊపిరిని ఎక్కడిదాకా సాగదీస్తుందో అక్కడిదాకా ఆగి, ఊపిరి తీసుకునే చోట వచ్చి కూర్చున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు వాళ్ల పాత పాటలకి అసలు తాళవాద్యం ఉండేది కాదు. గొంతు ఒక్కటే. పాడేవాళ్ల ఇష్టాన్నిబట్టి కాలం సాగుతుంది, ముడుచుకుంటుంది. అలాంటి పాట కింద రాక్ డ్రమ్ములు పెట్టడమంటే, మన ఊళ్లో ముసలమ్మ పాడే లాలిపాటకి బ్యాండు మేళం కట్టినట్టే. చెడగొట్టడం చాలా తేలిక. ఆ పని చెడకుండా చేసిన మొదటి తరంవాళ్లు నలుగురైదుగురే. అందులో ఈయనొకడు.

ఆ బృందం ఏడాది కూడా బతకలేదు. 1970 అక్టోబరులో రాయల్ ఆల్బర్ట్ హాల్లో కచేరీ. వాళ్లకంటే ముందు వాయించినవాడు ఎల్టన్ జాన్. పెద్ద సౌండ్ సిస్టం ఒకటి కొన్నారు. ఎంత పెద్దదంటే దాన్ని స్టోన్‌హెంజ్ అనే పిలిచేవాళ్లు, నిలువు బండల ఆ పురాతన వలయం పేరుతో. 1971 మొదట్లోనే బృందం విడిపోయింది. రెండో ఆల్బం సగం పాటలు టేపుల్లో అలాగే ఉండిపోయాయి. శాండీ డెనీ 1978లో పోయింది, 31 ఏళ్లకే. ట్రెవర్ లూకస్ 1989లో.

మిగిలిన ముగ్గురూ ఆ టేపులు బయటికి తీసి, పూర్తి చేసి, 2008లో విడుదల చేశారు. ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత. ఆ సీడీ వచ్చిన రోజు పెద్దాయన నాకు ఆసుపత్రికే ఫోన్ చేయించాడు, ఏదో ఎమర్జెన్సీ అన్నట్టు. సాయంత్రం ఇద్దరం కూర్చుని విన్నాం. అరవైకి చేరిన కాన్వే, తన ఇరవై మూడేళ్ల చేతులు వాయించిన దాన్ని స్టూడియోలో కూర్చుని వింటూ పని చెయ్యడం ఎలా ఉంటుందో! గాయని మాత్రం ఇంకా 23 ఏళ్ల దగ్గరే ఉంది. మా మాస్టారు ఒక్కోసారి తెల్లవారుజామున రేడియోలో పోయిన విద్వాంసుల కచేరీ వస్తుంటే తొడమీద తాళం వేస్తూ వినేవారు. ఎక్కడో ఒక చోట కళ్లు తుడుచుకునేవారు. ఆ సాయంత్రం నాకు ఆ తొడ మీది చెయ్యే గుర్తొచ్చింది. మేం ఏం మాట్లాడుకోలేదు. ఆవిడ వచ్చి లైటు వేసి, చీకట్లో ఏం చేస్తున్నారని కేకలేసింది.

*

మాస్టారి సంగతి వచ్చింది కాబట్టి.

రాజమండ్రిలో గోదావరి గట్టుకి రెండు సందుల ఇవతల మాస్టారి ఇల్లు. సాయంత్రం వెళ్లగానే మొదటి పని రవ్వ తడపడం. మృదంగానికి ఎడమ వైపు మూత మీద బొంబాయి రవ్వ ముద్ద అద్దాలి, అప్పుడే ఆ వైపు గంభీరంగా పలుకుతుంది. పాఠం అయ్యాక గోకేసి తుడవాలి. ఒకరోజు గోకడం మర్చిపోతే మర్నాటికి పుల్లటి కంపు. ఆ పులిసిన రవ్వ వాసన, తోలు వాసన, మాస్టారి పొడుం వాసన కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఉప్మా రవ్వ నీళ్లలో పోస్తే నా వేళ్లు కదులుతాయి.

మొదట నేర్పేది సర్వలఘువు. నం ధిం ధిం నం. కీర్తన కింద నదిలా నడిచేది అదే. పిల్లలకి అది నచ్చదు. తీర్మానాలు కావాలి, తని ఆవర్తనం కావాలి, చప్పట్లు కావాలి. నాకూ అంతే. "పరిగెత్తకురా. నీకు రైలేం లేదు," అనేవారు మాస్టారు. ఆరేళ్లలో కనీసం ఆరువేలసార్లు అని ఉంటారు. నాకు కాలప్రమాణం నిలవదు. మొదలెట్టిన దానికంటే ముగించేటప్పటికి ఒక వీసం ముందుంటాను. తర్వాత ఎంట్రన్స్ వచ్చింది, మెడిసిన్ సీటు వచ్చింది, మృదంగం అటకెక్కింది.

విశాఖలో హాస్టల్లో మా సీనియర్ దగ్గర టేప్ రికార్డర్ ఉండేది. సముద్రపు గాలికి తుప్పు పట్టి, తలుపు ఊడిపోయి, క్యాసెట్‌ని వేలితో అదిమి పట్టుకుంటే పాడేది. ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక ఇంగ్లీషు క్యాసెట్ క్యాట్ స్టీవెన్స్‌ది. ఫార్మకాలజీ పరీక్షలకి ఆ పాటలతోనే చదివాం. ఇన్నేళ్ల తర్వాత పెద్దాయన ఒక రికార్డు అట్ట వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చూపించాడు. డ్రమ్స్: జెర్రీ కాన్వే. 1971 నాటి ఆ ఆల్బం నుంచి మొదలుపెట్టి ఏళ్ల తరబడి క్యాట్ స్టీవెన్స్ వెనక కూర్చున్నది ఈయనే. అంటే గోడ అవతలికంటే ముందే, అటక మీద మృదంగం పెట్టి వచ్చిన కొత్తలోనే, నేను ఈయన్ని విన్నాను. క్యాసెట్లకి మాకు అట్టలు ఉండేవి కాదు. ఉన్నా ఎవడు చదువుతాడు ఆ అక్షరాలు?

*

పెద్దాయనకి ఆ అక్షరాలు చదవడమే పని. సంతలో ఆయన చేసింది లెక్కగాడి ఉద్యోగం. కటకటం దాటే పశువుల్ని లెక్కపెట్టి పలక మీద గీతలు గీయడం. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. పాతికేళ్లు అదే. రికార్డులకీ ఆ చూపే. "ముందు నిలబడ్డవాణ్ని అందరూ చూస్తారు. వెనక వచ్చేది లెక్క తప్పకూడదు," అనేవాడు. పశువుల గురించో పాటకచేరీల గురించో నాకు అర్థమయ్యేది కాదు.

కాన్వే పేరు ఎక్కడెక్కడ దొరుకుతుందో వెతకడం మాకు ఒక ఆటయింది. శాండీ డెనీ సొంతంగా చేసిన మొదటి ఆల్బంలో ఉన్నాడు. స్టీలై స్పాన్ అనే బృందం మొదటి ఆల్బంలో, 1970లో, ఇద్దరు డ్రమ్మర్లు పాటలు పంచుకున్నారు. ఒకరు కాన్వే, ఇంకొకరు డేవ్ మాటక్స్. ఎన్నో ఏళ్ల తర్వాత ఫెయిర్‌పోర్ట్‌లో ఈయన లేచిన కుర్చీలో ఆయన, ఆయన లేచిన కుర్చీలో ఈయన కూర్చుంటారని అప్పుడు ఎవరనుకున్నారు. 1982లో జెత్రో టల్ అనే రాక్ బృందంతో ఒక ఆల్బం. దాన్ని చేయించిన పాల్ శామ్‌వెల్-స్మిత్ ఒకప్పుడు క్యాట్ స్టీవెన్స్ రికార్డులు చేయించినవాడే. ఆ టల్‌లో బేస్ వాయిస్తున్నది ఫెయిర్‌పోర్ట్ బృందపు డేవ్ పెగ్. చిన్న ఊళ్లో పెళ్లి సంబంధాల్లాగా, ఎటు నుంచి ఎటు వెళ్లినా వీళ్లు వీళ్లకే తగులుతారు. టల్ బృందం 1987లో చేసిన ఆల్బంలోనూ కొన్ని పాటలకి కాన్వే ఉన్నాడు. దానికి హార్డ్ రాక్ గ్రామీ ఇచ్చారు, మెటాలికా అనే మెటల్ బృందాన్ని కాదని. జనం ఇప్పటికీ తిట్టుకుంటున్నారు. పెద్దాయన మాత్రం, "జానపదం వాయించేవాడికి ఇనప సంగీతం బహుమతా!" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

పెంటాంగిల్ అనే జానపద బృందపు గాయని జాకీ మెక్‌షీని కాన్వే పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి స్పెన్సర్ కోజన్స్‌తో 1995లో ఒక ఆల్బం చేశారు. ఆ తర్వాత పెంటాంగిల్ ఆవిడ పేరు మీదే నడిచింది, ఈయన ఆ డ్రమ్ములూ చూసుకున్నాడు.

*

క్రాప్రెడీ బాన్‌బరీకి నాలుగు మైళ్ల ఉత్తరాన పల్లెటూరు. ఆక్స్‌ఫర్డ్ కాలవ గట్టు పట్టుకుని నడిచి వెళ్లిపోవచ్చు. చెర్వెల్ నది మీది వంతెన దగ్గర 1644లో రాజు సైన్యానికీ పార్లమెంటు సైన్యానికీ యుద్ధం జరిగింది. కొన్ని వందల మంది ఉండే ఆ ఊరికి, ఆగస్టులో మూడు రోజుల పాటల పండక్కి, ఆ రోజుల్లో ఇరవై వేల మంది దాకా వచ్చేవాళ్లు. ఫెయిర్‌పోర్ట్ వాళ్లు 1979 ఆగస్టు 4న, పగలు నెబ్‌వర్త్‌లో లెడ్ జెపెలిన్ కచేరీలో వాయించి, సాయంత్రానికి ఇక్కడికొచ్చి వీడ్కోలు కచేరీ చేశారు. వీడ్కోలు చెప్పినవాళ్లు మళ్లీ ఏటేటా వస్తూనే ఉన్నారు. మన ఊళ్లో పెళ్లి నుంచి వెళ్లొస్తామని లేచి గుమ్మంలో రెండు గంటలు నిలబడే చుట్టాల్లాగా.

మొదటిసారి పెద్దాయన నన్ను నడిపించే తీసుకెళ్లాడు. కాలవలో సన్నటి పడవలు రంగులేసుకుని బారులు తీరి ఉన్నాయి. పడవ పొయ్యిల బొగ్గు పొగ, తొక్కిన గడ్డి వాసన. ఊళ్లో ఆడవాళ్లు ఇంటి ముందు బల్లలేసి కేకులూ టీలూ అమ్ముతున్నారు. క్రికెట్ క్లబ్బు వాళ్లు పొద్దున్నే టిఫిన్లు పెట్టారు. నాకు అందులో తినదగ్గవి టోస్టూ, టమాటాలూ. పొలంలో మడత కుర్చీలు, పొడుగు గెడలకి జెండాలు. తప్పిపోయిన పిల్లలు జెండా చూసుకుని అమ్మానాన్నల దగ్గరికి వస్తారట. పెద్దాయన వాడ్‌వర్త్ సిక్స్ ఎక్స్ బీరు గ్లాసు పట్టుకుని, నేను పులిహోర డబ్బా పట్టుకుని, ఒక చెట్టు కింద కూర్చున్నాం. రెండో ఏడు నుంచి ఆయన పులిహోరే తినేవాడు. పోపులో మిరపకాయ కూడా నమిలేసి, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, "బాగుంది," అనేవాడు.

శనివారం రాత్రి ఫెయిర్‌పోర్ట్ వంతు. మూడు గంటలు. కాన్వే అప్పుడే కొత్తగా చేరాడు. ఆ కుర్చీకో చరిత్ర ఉంది. తొలి రికార్డుల్లో వాయించిన మార్టిన్ లాంబుల్‌కి 19 ఏళ్లు. 1969 మే 12న, బర్మింగ్‌హామ్‌లో వాయించి తిరిగి వస్తుంటే ఎం1 రోడ్డు మీద వ్యాను బోల్తా పడి పోయాడు. డాన్స్ హాళ్లలో వాయించే డేవ్ మాటక్స్ తర్వాత వచ్చాడు. జానపదం అంటే ఏమిటో తెలియకుండా వచ్చి, దానికి డ్రమ్ము ఎలా వాయించాలో అందరికీ నేర్పాడు. వుడ్‌స్టాక్ ఉత్సవంలో గాయకుడు జో కాకర్ వెనక వాయించిన బ్రూస్ రోలండ్ కొన్నాళ్లు. మళ్లీ మాటక్స్. 1998లో కాన్వే. ఇరవై నాలుగేళ్లు కదల్లేదు.

ఇన్నిసార్లు వెళ్లాను కదా, ఆయన మొహం సరిగ్గా ఎప్పుడూ చూడలేదు. ముందు సైమన్ నికోల్ నిలబడతాడు. పక్కన రిక్ శాండర్స్ ఫిడేలు పట్టుకుని జోకులేస్తాడు. వాళ్ల సందులోంచి నాకు దొరికేది ఒక కుడి మోచెయ్యి, ఒక తళుకు సింబల్. జిగ్ అనే గెంతుల నాట్యపు బాణీ వచ్చిందంటే ఆ మోచెయ్యి తిశ్రంలోకి, మూళ్ల లెక్కలోకి, దిగేది. పొలంలో తాగినవాళ్లందరూ గెంతుతుంటే నేను చెట్టు కింద వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ని. ఆఖరి పాటకి ఇరవై వేల గొంతులు కలిసేవి. జనం ఒకళ్ల భుజం మీద ఒకళ్లు చెయ్యేస్తారు. అంత జనం పాడుతుంటే కాలం సాగిపోతుంది, మన భజనలో చివరి మంగళహారతిలాగే ఎవడికి వాడే లాగుతాడు. ఆ మోచెయ్యి మాత్రం దాని చోట అది పడుతూ ఉండేది. జనాన్ని తోసేది కాదు, జనంతో కొట్టుకుపోయేదీ కాదు.

ఒక్కసారి మాట్లాడే అవకాశం వచ్చింది. ఆ రోజుల్లో ప్రతి చలికాలం వాళ్లు ఊళ్లమ్మట తిరిగేవాళ్లు. చిన్న థియేటర్, మూడో వరస. ఇంటర్వెల్‌లో బయట బల్ల దగ్గర సంతకాలు పెడతారని పెద్దాయన చెప్పాడు. క్యాసెట్ తలుపు వేలితో అదిమి పట్టుకున్న సంగతి చెబుదామని ఇంగ్లీషులో వాక్యాలు పేర్చుకుని క్యూలో నిలబడ్డాను. నా ముందు ఐదుగురున్నారు. జేబులో ఆసుపత్రి పేజరు, బ్లీప్, మోగింది. ఆ రాత్రి డ్యూటీ మార్చుకుంటానన్న మనిషి చివర్లో హ్యాండిచ్చాడు. కోటు తీసుకుని వెళ్లిపోయాను. పెద్దాయన నా బదులు సంతకం పెట్టించి తెచ్చాడు. నా పేరులో రెండు అక్షరాలు తప్పు, అది పెద్దాయన చెప్పిన స్పెల్లింగు.

*

2020, 2021 రెండేళ్లూ కరోనా వల్ల పొలం ఖాళీగా ఉంది. ఆ మధ్యలోనే పెద్దాయన పోయాడు. నేనప్పటికే ఉత్తరాదికి మారాను. అంత్యక్రియలకి లెక్కగా కొంతమందినే రానిచ్చారు. ఫోన్‌లో చూశాను. కెమెరా వంకరగా పెట్టారు, నాకు కనిపించింది చర్చి కిటికీ, సగం పెట్టె.

2022లో కాన్వే ఫెయిర్‌పోర్ట్ నుంచి తప్పుకున్నాడు. క్రాప్రెడీలో ఆ కుర్చీలో మళ్లీ మాటక్స్ కూర్చున్నాడు. కాన్వేని తీసుకుపోయింది మోటార్ న్యూరాన్ జబ్బు. ఆ జబ్బు నాకు తెలుసు. కండరాలకి కబురు మోసే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నానని ఒకరు వస్తారు, మెట్టు ఎక్కుతుంటే పాదం వేలాడిపోతోందని ఒకరు. చర్మం కింద కండ పురుగు పాకినట్టు అదురుతూ ఉంటుంది. చాలామందికి బుర్ర శుభ్రంగా ఉంటుంది, స్పర్శ పోదు. రోగితో ఆ పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను వాళ్ల చేతులకేసి చూడకుండా ఉండటం నేర్చుకున్నాను. ఈ కబురు చదివినప్పుడు నేర్చుకున్నది పనికిరాలేదు. కళ్లముందు ఆ మోచెయ్యే.

*

ఇంట్లో సగం సామాను అప్పటికే వెళ్లిపోయింది. గోడలమీద ఫొటోలు తీసిన చోట్ల తెల్లటి చతురస్రాలు. రికార్డు ప్లేయర్ మనవడు పట్టుకెళ్లాడట, అందుకని ఏమీ వినే ప్రశ్న లేదు. ఆవిడ టీ పెట్టింది. ఎనభై దాటినా అట్టపెట్టె తనే లాక్కొచ్చింది, నేను వద్దంటున్నా.

పైనే ఫాదరింగే. లోపలి తెల్ల కవరు మీద పెన్సిలు గీతలు. నాలుగు నిలువు, ఒక అడ్డం. నాలుగు నిలువు, ఒక అడ్డం. క్రాప్రెడీ వెళ్లిన ప్రతి ఏడూ ఒక గీత. ఎనిమిది కట్టలు, ఆఖర్న ఒక విడి గీత. పక్కన ఒక చోట నుంచి గీతల కింద చిన్న చుక్క కూడా మొదలైంది. చుక్క ఏమిటని అడిగాను.

"అది నువ్వు," అంది ఆవిడ. "నువ్వు వెంట ఉన్న ఏడాది."

టీ చల్లారిపోయింది. అటు పక్క ఇల్లు, నా పాత ఇల్లు, ఎవరో కొత్తవాళ్లది. అక్కడ పసిపిల్ల ఏడుపు సన్నగా వినపడుతోంది. పిల్లల ఏడుపు గోడ దాటుతుందన్నమాట.

"నువ్వు ఈ గోడమీద వాయించేవాడివి కదూ?" అంది ఆవిడ ఉన్నట్టుండి.

నాకు వెంటనే అర్థం కాలేదు. పడుకుని, తల వెనక గోడమీద, రెండు చేతుల వేళ్లతో. నిద్ర పట్టనప్పుడు. సర్వలఘువు. అది అవతలికి వినపడుతుందని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

"వినపడేదా?"

"వినపడకేం! ఆయన పాట సౌండు తగ్గించేసి మరీ వినేవాడు. నన్ను గిన్నెలు కడగనిచ్చేవాడు కాదు." ఆవిడ కప్పు అందుకుని సింకు వైపు నడుస్తూ అంది: "కుర్రాడు బాగా వాయిస్తాడు గానీ, ప్రతిసారీ చివరికొచ్చేసరికి కొంచెం పరిగెడతాడు అనేవాడు."